ల్యాప్‌టాప్ అడగని ప్రశ్నలు: పైథాన్ అప్లికేషన్‌ను ప్రొడక్షన్ సర్వర్‌పైకి ఎక్కించడం

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగోలో రన్‌సర్వర్ కమాండు ఒక్కటి ఇస్తే చాలు, రాసిన అప్లికేషన్ బ్రౌజర్‌లో కళ్ళెదుట నడుస్తుంది. ఆ సులువు వెనుక మనం అడగకుండానే అమరిపోయిన విషయాలు చాలా ఉన్నాయి. ప్రోగ్రామ్ మన యూజర్ ఖాతాతోనే నడుస్తుంది కాబట్టి మన ఫోల్డర్లన్నీ దానికి అందుబాటులో ఉంటాయి. టెర్మినల్‌లో ఎప్పుడో పెట్టుకున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వాటంతటవే అందుతాయి. సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్ళను కూడా అదే అందిస్తుంది. కోడ్ మారితే తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. ఒకవేళ పడిపోతే లేపడానికి ఎదురుగా మనం ఉంటాము. వాడుకరులు నిజంగా వాడే ప్రొడక్షన్ సర్వర్‌పై వీటిలో ఒక్కటీ దానంతటది జరగదు. ఎవరి పేరుతో నడవాలి, రహస్యాలను ఎక్కడి నుంచి చదవాలి, పడిపోతే ఎవరు లేపాలి, ఫైళ్ళను ఎవరు అందించాలి అన్న ప్రతి ప్రశ్నకూ ఎక్కడో ఒకచోట రాతపూర్వకంగా జవాబు ఉండాలి. డిప్లాయ్‌మెంట్‌లో, అంటే అప్లికేషన్‌ను అలా సర్వర్‌పై పెట్టి నడపడంలో, ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇలా జవాబు రాయకుండా వదిలేసిన ప్రశ్నల నుంచే పుడతాయని నా అభిప్రాయం.

ఇక్కడ నేను దృష్టిలో పెట్టుకున్నది ఉబుంటు లేదా డెబియన్ నడుస్తున్న ఒకే ఒక సర్వర్. దానిపై జాంగో అప్లికేషన్, దాన్ని నడిపే గునికార్న్, ముందు నిలబడే వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్, వెనుక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఫ్లాస్క్ అనే మరో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ వాడేవారికి కూడా ఇందులో అధిక భాగం వర్తిస్తుంది. అప్లికేషన్‌ను దానికి కావలసిన ప్యాకేజీలతో సహా కంటైనర్ అనే ఒకే కట్టగా నడిపే డాకర్ ఊసెత్తలేదేమని కొందరు అడగవచ్చు. కంటైనర్ వల్ల ప్యాకేజీల గొడవ తగ్గుతుందన్న మాట నిజమే కానీ, పైన చెప్పిన ప్రశ్నలు అలాగే ఉంటాయి, వాటి జవాబులు రాసే చోటు మాత్రమే మారుతుంది. అందువల్ల చిన్న అప్లికేషన్‌ను కనీసం మొదటిసారి కంటైనర్ లేకుండానే సర్వర్‌పై పెట్టి చూడడం మంచిదని నేను చెబుతుంటాను.

డెవలప్‌మెంట్ సర్వర్‌నే ప్రొడక్షన్‌లో నడిపితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు చిన్నది. రన్‌సర్వర్‌కు భద్రతా పరీక్షలు గానీ, వేగానికి సంబంధించిన పరీక్షలు గానీ జరగలేదని జాంగో పత్రాలే చెబుతాయి; ఫ్లాస్క్ అయితే మొదలైన ప్రతిసారీ ఆ హెచ్చరికను తెరమీదే ముద్రిస్తుంది. దానితోపాటు డీబగ్ సెట్టింగ్ ఆన్‌లో ఉండిపోతే ప్రమాదం ఇంకా పెద్దది. జాంగో ఎర్రర్ పేజీ కోడ్ భాగాలను, వేరియబుల్స్ విలువలను, చాలావరకు సెట్టింగ్‌లను అపరిచితులకు చూపిస్తుంది. ఫ్లాస్క్ వెనుక ఉండే వెర్క్‌జోయిగ్ డీబగర్ ఇంకా ఒక అడుగు ముందుకు వేసి, పిన్ నంబరు దాటగలిగిన వారికి బ్రౌజర్ నుంచే సర్వర్‌పై పైథాన్ కోడ్ నడిపే వీలు కల్పిస్తుంది.

పైథాన్ ప్రపంచంలో వెబ్ సర్వర్‌కూ అప్లికేషన్‌కూ మధ్య ఒప్పందాన్ని 2003లో పెప్ (పైథాన్ మెరుగుదల ప్రతిపాదన) 333 అనే పత్రం డబ్ల్యూఎస్‌జీఐ పేరుతో నిర్వచించింది. పైథాన్ 3కు అనుగుణంగా 2010లో పెప్ 3333గా దాన్ని సవరించారు. దీని సారాంశం చాలా సరళమైనది: అప్లికేషన్ అంటే రిక్వెస్టు వివరాలున్న ఒక డిక్షనరీని, జవాబు మొదలుపెట్టడానికి ఒక ఫంక్షన్‌ను తీసుకునే వస్తువు, అంతే. గునికార్న్‌కు జాంగో గురించి ఏమీ తెలియనవసరం లేకపోవడానికి, రేపు మనం గునికార్న్ తీసివేసి యూడబ్ల్యూఎస్‌జీఐ పెట్టుకున్నా కోడ్‌లో ఒక్క వరుస కూడా మారకపోవడానికి కారణం ఇదే. ఫాస్ట్‌ఏపీఐ వంటి అసింక్ ఫ్రేమ్‌వర్కులు ఏఎస్‌జీఐ అనే వేరే ఒప్పందాన్ని పాటిస్తాయి కాబట్టి వాటికి యువికార్న్ వంటి సర్వర్ కావాలి.

గునికార్న్ పనితీరును కాస్త నెమ్మదిగా అర్థం చేసుకోవడం అవసరం, ఎందుకంటే ల్యాప్‌టాప్‌కూ సర్వర్‌కూ మధ్య అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది. ఇందులో ఒక మాస్టర్ ప్రాసెస్ ఉంటుంది. అది రిక్వెస్టులను ముట్టుకోదు, వర్కర్ ప్రాసెస్‌లను పుట్టించి వాటిపై కన్నేసి ఉంచుతుంది. జీఐఎల్ అనే పైథాన్ అంతర్గత తాళం కారణంగా ఒక పైథాన్ ప్రాసెస్‌లోని థ్రెడ్లు ఒకేసారి రెండు కోర్లపై పైథాన్ కోడ్‌ను నడపలేవు కాబట్టి, వేర్వేరు ప్రాసెస్‌లు పెట్టడం ఇక్కడ సహజమైన మార్గం. మనం ఏమీ చెప్పకపోతే గునికార్న్ ఒకే వర్కర్‌తో నడుస్తుంది. కోర్ల సంఖ్యను 2తో గుణించి 1 కలపాలన్నది దాని పత్రాలు సూచించే ప్రారంభ సంఖ్య, అంటే 2 కోర్లకు 5 వర్కర్లు. అయితే ప్రతి వర్కరూ తనకంటూ మెమరీ తీసుకుంటుందని మరువరాదు. చిన్న సర్వర్‌పై సూత్రం ప్రకారం వర్కర్లను పెంచుకుంటూ పోతే ఒకనాడు మెమరీ చాలక లినక్స్ కెర్నెలే ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది; అప్పుడు వర్కర్ సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సంకేతం) వల్ల పోయిందని, బహుశా మెమరీ చాలలేదేమోనని గునికార్న్ లాగ్‌లో ఒక వరుస కనిపిస్తుంది. ఆ వరుస కనిపించిన రోజున వర్కర్లను తగ్గించాలి లేదా మెమరీ పెంచాలి.

ప్రాసెస్‌లు అనేకం కావడం వల్ల కోడ్ అర్థమే మారిపోయే సందర్భాలు ఉన్నాయి. ఒక మాడ్యూల్‌లో గ్లోబల్ డిక్షనరీ పెట్టి, లాగిన్ ప్రయత్నాలను అందులో లెక్కపెడుతున్నామని అనుకుందాం. ల్యాప్‌టాప్‌లో ప్రాసెస్ ఒక్కటే కాబట్టి లెక్క సరిగ్గానే ఉంటుంది. సర్వర్‌పై 5 వర్కర్లుంటే 5 డిక్షనరీలు ఉంటాయి, ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. 3 తప్పు ప్రయత్నాల తరువాత ఆపాలన్న నియమం ఆచరణలో 15 ప్రయత్నాల దాకా సాగవచ్చు. జాంగోలో మనం వేరే ఏదీ ఎంచుకోకపోతే వాడే లోకల్ మెమరీ క్యాష్ కూడా ఇలాగే ప్రాసెస్‌కు ఒకటి చొప్పున ఉంటుంది. అందరికీ ఉమ్మడిగా ఉండవలసిన సమాచారం డేటాబేస్‌లోనో, రెడిస్ వంటి ఉమ్మడి మెమరీ స్టోర్‌లోనో ఉండాలి.

సమయ పరిమితుల విషయంలో రెండు ప్రోగ్రాములు రెండు వేర్వేరు లెక్కలు పాటిస్తాయి. గునికార్న్ సింక్ వర్కర్ (ఒకసారి ఒక రిక్వెస్టునే చూసే మామూలు రకం) 30 సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే మాస్టర్ దాన్ని చంపి కొత్తదాన్ని పుట్టిస్తుంది. ఎన్‌జినెక్స్ వెనుకవైపు జవాబు కోసం 60 సెకన్లు ఎదురుచూస్తుంది. కాబట్టి ఏ సెట్టింగూ మార్చని స్థితిలో ఒక పెద్ద రిపోర్టు తయారుకావడానికి 40 సెకన్లు పడితే, 30వ సెకనులో వర్కర్ చనిపోతుంది, ఎన్‌జినెక్స్‌కు కనెక్షన్ తెగిపోయినట్లు తెలుస్తుంది, వాడుకరికి 502 (వెనుక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదన్న ఎర్రర్) కనిపిస్తుంది. గునికార్న్ పరిమితిని 120కి పెంచి ఎన్‌జినెక్స్‌ను అలాగే వదిలేస్తే, 70 సెకన్లు పట్టే రిపోర్టుకు ఈసారి 504 (సమయం మించిందన్న ఎర్రర్) వస్తుంది, వర్కర్ మాత్రం ఎవరూ అందుకోని జవాబును తయారుచేస్తూనే ఉంటుంది. ఈ రెండు అంకెల తేడా తెలిస్తే లాగ్ చూడకముందే తప్పు ఏ వైపు ఉందో ఊహించవచ్చు. నా మట్టుకు పరిమితులను పెంచుతూ పోవడం సరైన మందుగా అనిపించదు; అంతసేపు పట్టే పనిని సెలెరీ వంటి బ్యాక్‌గ్రౌండ్ క్యూకు అప్పగించి, రిక్వెస్టుకు వెంటనే జవాబు చెప్పి పంపడమే మేలు.

గునికార్న్‌ను నేరుగా ఇంటర్నెట్ ముందు నిలబెట్టకుండా మధ్యలో ఎన్‌జినెక్స్ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. సింక్ వర్కర్ ఒకసారి ఒక రిక్వెస్టునే చూస్తుంది. నెమ్మదైన మొబైల్ కనెక్షన్ నుంచి ఒక ఫొటో అప్‌లోడ్ అవుతుంటే, ఆ బైట్లన్నీ వచ్చేదాకా వర్కర్ చేతులు కట్టుకుని కూర్చోవాలి. అటువంటివారు అయిదుగురు ఒకేసారి వస్తే సైటు మొత్తం నిలిచిపోతుంది. ఎన్‌జినెక్స్ ఆ ఎదురుచూపును తన మీద వేసుకుని, రిక్వెస్టు పూర్తిగా చేరాక వర్కర్‌కు అందించి, జవాబును తన దగ్గర నిలవ చేసుకుని, అందుకునేవారి వేగాన్నిబట్టి పంపుతుంది. వేల కనెక్షన్లను కొద్దిపాటి మెమరీతో పట్టి ఉంచడానికే ఇగోర్ సిసోయెవ్ దాన్ని రాశారు, 2004లో అందరికీ విడుదల చేశారు. అప్‌లోడ్ అన్నాము కాబట్టి ఒక మాట: ఎన్‌జినెక్స్ మామూలుగా 1 మెగాబైటుకు మించిన రిక్వెస్టును 413 ఎర్రర్‌తో తిప్పి పంపుతుంది. ఆ రిక్వెస్టు జాంగో దాకా రానే రాదు కనుక పైథాన్ కోడ్‌లో ఎంత వెతికినా కారణం దొరకదు; క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ అన్న సెట్టింగ్‌ను మార్చుకోవాలి.

మధ్యవర్తి ఉండడం వల్ల పోయేది కూడా ఒకటుంది. బ్రౌజర్ నుంచి ఎన్‌జినెక్స్ దాకా హెచ్‌టీటీపీఎస్ ఉన్నా, అక్కడి నుంచి గునికార్న్ దాకా మామూలు హెచ్‌టీటీపీయే. కాబట్టి ప్రతి రిక్వెస్టూ భద్రత లేని దారిలో వచ్చిందనే జాంగో భావిస్తుంది. హెచ్‌టీటీపీఎస్‌కు మళ్ళించే సెట్టింగ్ కూడా ఆన్ చేసి ఉంటే, అది మళ్ళిస్తూ, మళ్ళీ అదే రిక్వెస్టును అందుకుంటూ అంతులేని చక్రంలో పడుతుంది. దారిమళ్ళింపులు మరీ ఎక్కువయ్యాయని బ్రౌజర్ ఫిర్యాదు చేస్తుంది. ఎన్‌జినెక్స్ తరఫున ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ పంపడం, జాంగో తరఫున సెక్యూర్ ప్రాక్సీ ఎస్‌ఎస్‌ఎల్ హెడర్ సెట్టింగ్‌లో దాన్ని నమ్మమని చెప్పడం, రెండూ జరగాలి. ఈ నమ్మకానికి ఒక షరతు ఉంది: గునికార్న్ బయటి ప్రపంచానికి కనిపించకూడదు. అది 0.0.0.0పై, అంటే సర్వర్ నెట్‌వర్క్ చిరునామాలన్నిటిపై, వింటూ ఉంటే ఎవరైనా ఎన్‌జినెక్స్‌ను దాటి వచ్చి ఆ హెడర్‌ను తామే తయారుచేసి పంపగలరు. సర్వర్ లోపలికే పరిమితమైన 127.0.0.1 లేదా యూనిక్స్ సాకెట్ వాడడం అందుకే.

ఇక ఎవరి పేరుతో నడవాలన్న ప్రశ్న. సర్వాధికారాలున్న రూట్ యూజర్‌తో నడపకూడదని అందరికీ తెలుసు. అయితే మన సొంత లాగిన్ ఖాతాతో నడపడం కూడా నాకు నచ్చదు, ఎందుకంటే అప్లికేషన్‌లో ఒక రంధ్రం దొరికినవారికి మన ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు (సర్వర్లలోకి లాగిన్ అయ్యే కీలు) కూడా దొరుకుతాయి. లాగిన్ అయ్యే వీలులేని ప్రత్యేక యూజర్‌ను సృష్టించి, కోడ్‌ను ఎస్‌ఆర్‌వీ డైరెక్టరీలో పెట్టడం నా పద్ధతి. కోడ్‌ను హోమ్ డైరెక్టరీలో పెట్టే అలవాటున్నవారికి ఉబుంటు 21.04 నుంచి ఒక కొత్త ఇబ్బంది మొదలైంది: అప్పటినుంచి కొత్తగా సృష్టించే హోమ్ డైరెక్టరీల అనుమతి 750గా ఉంటోంది, అంటే ఎన్‌జినెక్స్ నడిచే యూజర్ అందులోకి అడుగు పెట్టలేదు. పేజీలు వస్తాయి గానీ, సీఎస్‌ఎస్ ఫైళ్ళకు 403 (అనుమతి లేదన్న ఎర్రర్) వస్తుంది. పేజీ అలంకారం లేకుండా కనిపిస్తుంది. పాత వ్యాసాలను చూసి సర్వర్ అమర్చుకునేవారు తరచుగా ఇక్కడే ఆగిపోతారు.

పడిపోతే లేపేది, సర్వర్ రీబూట్ అయితే మళ్ళీ మొదలుపెట్టేది లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ. దేన్ని ఎలా నడపాలో చెప్పే దాని యూనిట్ ఫైల్ పది పదిహేను వరుసలకు మించదు, కానీ అది షెల్ కాదన్న సంగతి మనసులో ఉంచుకోవాలి. టెర్మినల్ షెల్ మొదలైనప్పుడు చదివే బ్యాష్ ఆర్‌సీ ఫైల్‌ను అది చదవదు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (ఈ అప్లికేషన్ కోసమే వేరుగా ఉంచే పైథాన్ ప్యాకేజీల ఫోల్డర్‌ను) యాక్టివేట్ చేయదు. ఆ అవసరం కూడా లేదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లోపల ఉన్న గునికార్న్‌కు పూర్తి పాత్ ఇస్తే సరిపోతుంది. డేటాబేస్ పాస్‌వర్డు, జాంగో సీక్రెట్ కీ వంటివాటిని గిట్‌లో పెట్టకుండా వేరే ఫైల్‌లో రాసి, ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ అన్న వరుస ద్వారా చూపించాలి. ఆ ఫైల్‌ను సిస్టమ్‌డీ రూట్ అధికారంతో ముందుగానే చదివి, ఆ తరువాతే మన యూజర్‌కు మారుతుంది కనుక, దాన్ని రూట్ తప్ప మరెవరూ చదవలేకుండా 600 అనుమతితో ఉంచవచ్చు. యూనిట్ ఫైల్ మార్చాక డీమన్-రీలోడ్ చేయకపోతే పాత సంగతే నడుస్తుంది.

ప్యాకేజీల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా ఏదీ ఎక్కించనివ్వరు. పెప్ 668 ప్రకారం ఎర్రర్ వస్తుంది. దాన్ని దాటవేసే ఆప్షన్ వెతకడం కన్నా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడడమే సరైన దారి. ప్రతి ప్యాకేజీకీ కచ్చితమైన వెర్షన్ సంఖ్య రాసి ఉంచాలి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను ఒకచోట తయారుచేసి మరోచోటికి తరలించకూడదు, అందులోని స్క్రిప్టుల మొదటి వరుసలో పూర్తి పాత్ రాసి ఉంటుంది.

నా దృష్టిలో డిప్లాయ్‌మెంట్ మొత్తంలో అతి సున్నితమైన భాగం డేటాబేస్ మైగ్రేషన్, అంటే టేబుళ్ళ నిర్మాణాన్ని మార్చడం. కోడ్‌ను మార్చడం, టేబుల్‌ను మార్చడం ఒకే క్షణంలో జరగవు. ఆ రెండింటి మధ్య కొద్ది సేపైనా పాత కోడ్ కొత్త టేబుల్‌తో గానీ, కొత్త కోడ్ పాత టేబుల్‌తో గానీ పనిచేయవలసి వస్తుంది. ఒక కాలమ్ పేరు మార్చామనుకుందాం. మైగ్రేషన్ ముందు నడిపితే ఇంకా బతికి ఉన్న పాత వర్కర్లు లేని కాలమ్‌ను అడుగుతాయి. రీస్టార్ట్ ముందు చేస్తే కొత్త వర్కర్లు ఇంకా పుట్టని కాలమ్‌ను అడుగుతాయి. ఏ క్రమంలో చేసినా తప్పే. అందుకే పేరు మార్పును ఒక్క అడుగులో చేయకుండా, కొత్త కాలమ్‌ను ఖాళీ విలువలు ఉండనిచ్చేలా చేర్చి, రెండింటిలోనూ రాసే కోడ్‌ను విడుదల చేసి, పాత వరుసలను కొద్దికొద్దిగా నింపి, కొత్త కాలమ్‌నే చదివే కోడ్‌కు మారి, చివరికి పాతదాన్ని తీసివేయాలి. విసుగు పుట్టించే పనే, కానీ వాడుకరులు పగలంతా వస్తూ ఉండే సైటుకు వేరే దారి లేదు. రాత్రిపూట అయిదు నిమిషాలు ఆపివేసినా ఎవరూ అడగని సైటు అయితే ఆపివేసి, ఒక్క అడుగులో ముగించడంలో నాకు తప్పు కనిపించదు.

ఖాళీ ఉండరాదన్న నియమంతో డీఫాల్ట్ విలువ ఇచ్చి కొత్త కాలమ్ చేర్చడం నిరపాయంగా కనిపిస్తుంది. అయితే జాంగో ఆ డీఫాల్ట్‌ను ఉన్న వరుసలను నింపడానికి మాత్రమే వాడి, ఆ వెంటనే డేటాబేస్ నుంచి తొలగిస్తుంది. ఆ కాలమ్ సంగతి తెలియని పాత కోడ్ కొత్త వరుసను రాయబోతే పోస్ట్‌గ్రెస్ తిరస్కరిస్తుంది. జాంగో 5.0లో వచ్చిన డీబీ డీఫాల్ట్ అన్న ఆప్షన్ ఈ చిక్కును తీర్చింది. లాక్‌ల సంగతి మరొకటి. ఆల్టర్ టేబుల్ ఆదేశాల్లో చాలావాటికి ఆ టేబుల్‌పై అన్నిటికన్నా బలమైన లాక్ కావాలి. ఎవరో ఒకరు అదే టేబుల్‌పై పది నిమిషాల రిపోర్టు నడుపుతుంటే మన ఆదేశం దాని వెనుక వేచి ఉంటుంది. మన ఆదేశం వెనుక మామూలు సెలెక్ట్‌లు కూడా వరుస కడతాయి. అరక్షణంలో ముగియవలసిన మార్పు సైటును పది నిమిషాలు నిలిపివేస్తుంది. మైగ్రేషన్ నడిపే కనెక్షన్‌కు లాక్ టైమౌట్‌ను కొద్ది సెకన్లకు పరిమితం చేస్తే, లాక్ దొరకనప్పుడు మైగ్రేషన్ మాత్రమే విఫలమవుతుంది, మళ్ళీ ప్రయత్నించవచ్చు. పెద్ద టేబుళ్ళపై ఇండెక్సులను, టేబుల్‌లోకి రాతలను ఆపని కాంకరెంట్ పద్ధతిలోనే నిర్మించాలి.

కొత్త కోడ్‌ను ప్రతిసారీ కొత్త డైరెక్టరీలో పెట్టి, కరెంట్ అన్న సింబాలిక్ లింకును దానివైపు తిప్పే పద్ధతి పాతదే అయినా నాకు ఇప్పటికీ ఇష్టం. వెనక్కి వెళ్ళాలంటే లింకును పాత డైరెక్టరీకి తిప్పి రీస్టార్ట్ చేస్తే చాలు. కోడ్ వెనక్కి వస్తుంది గానీ డేటాబేస్ రాదు, పైన చెప్పిన అడుగుల క్రమం పాటించినవారికే ఈ సౌకర్యం నిజంగా ఉపయోగపడుతుంది. రీస్టార్ట్ జరిగే ఆ ఒకటి రెండు సెకన్లలో వచ్చే 502లను కూడా తప్పించాలంటే, సాకెట్‌ను గునికార్న్ బదులు సిస్టమ్‌డీయే తెరిచి పట్టుకునేలా వేరే సాకెట్ యూనిట్ రాయవచ్చు. గునికార్న్ లేని క్షణాల్లో వచ్చిన కనెక్షన్లు వరుసలో వేచి ఉంటాయి. సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ వంటి స్టాటిక్ ఫైళ్ళ పేర్లకు వాటి సారాన్నిబట్టి హ్యాష్ చేర్చే మానిఫెస్ట్ స్టోరేజ్ వాడుతుంటే, వాటిని ఒకచోట చేర్చే కలెక్ట్‌స్టాటిక్ కమాండు ముందు పాత ఫైళ్ళను తుడిచివేయవద్దు. అయిదు నిమిషాల క్రితం పేజీ తెరిచి ఉంచుకున్నవారి బ్రౌజర్ ఇంకా పాత పేర్లనే అడుగుతుంది.

డీబగ్ ఆపివేసిన తరువాత చాలామందిని తికమక పెట్టేది లాగ్‌ల నిశ్శబ్దం. వాడుకరికి 500 ఎర్రర్ కనిపిస్తుంది, సిస్టమ్‌డీ లాగ్ అయిన జర్నల్ తెరిచి చూస్తే ట్రేస్‌బ్యాక్ (తప్పు కోడ్‌లో ఎక్కడ జరిగిందో చూపే వివరం) ఉండదు. జాంగో తనంతట తాను పెట్టుకునే లాగింగ్ అమరికలో కన్సోల్‌కు రాయడం డీబగ్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే జరుగుతుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎర్రర్‌లను అడ్మిన్స్ జాబితాలోని వారికి ఈమెయిల్ చేయబోతుంది, ఆ జాబితా సాధారణంగా ఖాళీగా ఉంటుంది. లాగింగ్ సెట్టింగ్‌లో ఒక స్ట్రీమ్ హ్యాండ్లర్‌ను స్పష్టంగా రాస్తే ట్రేస్‌బ్యాక్ సిస్టమ్‌డీ జర్నల్‌లోకి చేరుతుంది. సైటును బయటివారికి తెరవకముందే కావాలని ఒక ఎర్రర్ పుట్టించి, అది జర్నల్‌లో కనిపిస్తోందో లేదో చూసుకోవడం మంచిది.

హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌కు వాటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్, దాన్ని తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ చాలు. సాధారణంగా ఇచ్చే సర్టిఫికెట్ 90 రోజులు చెల్లుతుంది. సర్ట్‌బాట్ తనంతట తానే పునరుద్ధరిస్తుంది, అయితే హెచ్‌టీటీపీ పద్ధతిలో ధ్రువీకరణ జరగాలంటే 80వ పోర్టు తెరిచే ఉండాలి. అంతా హెచ్‌టీటీపీఎస్ అయిపోయింది కదా అని ఫైర్‌వాల్‌లో దాన్ని మూసివేస్తే, ఆ తప్పు వారాల తరువాత గానీ బయటపడదు. గడువు దగ్గరపడిందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే ఈమెయిళ్ళు కూడా 2025లో ఆగిపోయాయి కాబట్టి, గడువును బయటి నుంచి పరిశీలించే ఏర్పాటు మనమే చేసుకోవాలి.

జాంగోలో చెక్ కమాండుకు డిప్లాయ్ ఆప్షన్ చేర్చి నడిపితే భద్రతకు సంబంధించిన సెట్టింగ్‌లలో లోపాలను వరుసగా చెబుతుంది. వాటిలో హెచ్‌ఎస్‌టీఎస్ అనే హెడర్ పెట్టలేదన్న హెచ్చరికను మాత్రం చూసిన వెంటనే తీర్చేయాలని తొందరపడకూడదు. ఇన్ని సెకన్లపాటు ఈ సైటును హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవాలని ఆ హెడర్ చెబుతుంది, బ్రౌజర్ ఆ మాటను గుర్తు పెట్టుకుంటుంది. మొదటే ఒక సంవత్సరం అని చెప్పి, ఆ తరువాత సర్టిఫికెట్‌లో చిక్కు వస్తే, అప్పటికే వచ్చి వెళ్ళినవారిని మామూలు హెచ్‌టీటీపీకి మళ్ళించే దారి ఉండదు. సర్వర్‌లో సెట్టింగ్ తీసివేసినా వారి బ్రౌజర్‌లోని జ్ఞాపకం చెరగదు. జాంగో పత్రాలు సూచించినట్లు 3600 సెకన్లతో మొదలుపెట్టి, సర్టిఫికెట్ ఒకసారి తనంతట తానే పునరుద్ధరణ కావడం చూశాక ఆ అంకెను పెంచడం నేను పాటించే క్రమం.